సారీ, టూ మెనీ క్లయింట్స్: ఆ ఆదివారం మా సర్వర్ ఎందుకు పడిపోయింది

కడప నుంచి మాట్లాడుతున్నా. వెనకాల ఫ్యాన్ సౌండ్ వస్తే ఏమనుకోవద్దండి. బయట ఎండ చూస్తే ఫ్యాన్ ఆపి వీడియో చేసే ధైర్యం నాకైతే లేదు.

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఎర్రర్ గురించి. రిజల్ట్స్ రోజు పొద్దున మీ ఫోన్‌లో చక్రం తిరుగుతా ఉంటుంది కదా, హాల్‌టికెట్ నంబర్ కొట్టి కొట్టి వేలు నొప్పి పుడుతుంది. మనం వెంటనే నెట్‌ను తిడతాం, సిమ్ మారుస్తాం, మేడ మీదికి పోతాం. చాలాసార్లు నెట్ బాగానే ఉంటుంది. అవతల డేటాబేస్ గడప దగ్గర జనం ఆగిపోయి ఉంటారు. మన కడప పేరే గడప నుంచి వచ్చిందంటారు, తిరుమలకు ఇది తొలి గడప అని. అందుకని ఈ సబ్జెక్టు మనం మాట్లాడాల్సిందే అనుకున్నా.

ముందు రెండు ముక్కలు, కొత్తవాళ్ల కోసం. మీ ఫోన్‌లోని యాప్ నేరుగా డేటాబేస్‌తో మాట్లాడదు. మధ్యలో యాప్ సర్వర్ ఉంటుంది. మీ రిక్వెస్ట్ అక్కడికి పోతుంది, అది డేటాబేస్‌కి ఒక కనెక్షన్ తెరిచి, పని చేయించుకుని, మీకు జవాబు పంపుతుంది. ఒకే సమయంలో అట్లాంటి కనెక్షన్లు ఎన్ని ఉండొచ్చు అనేదానికి డేటాబేస్‌లో ఒక లెక్క ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని మ్యాక్స్ కనెక్షన్స్ అంటారు, మనం ముట్టుకోకపోతే 100. మైఎస్‌క్యూఎల్‌లో కూడా అదే పేరు, అక్కడ 151. ఇంతే థియరీ. ఇంక నా తప్పు చెప్తా.

మూడేళ్ల కిందట, ఏప్రిల్. మన వైపు ఒక కాలేజీ, పేరు వద్దు, టెన్త్ రాసిన పిల్లలకు ఆన్‌లైన్‌లో స్కాలర్‌షిప్ టెస్ట్ పెట్టింది. మంచి ర్యాంకు వస్తే ఇంటర్ ఫీజులో రాయితీ. యాప్ చేసింది నేను, నాతోపాటు ఇంకో ఫ్రెండ్. సర్వర్ చిన్నది: రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, యాప్ కూడా అందులోనే, పోస్ట్‌గ్రెస్ కూడా అందులోనే. రిజిస్టర్ చేసుకున్న పిల్లలు ఆరువందల మంది దాకా. ప్రొద్దుటూరు, బద్వేలు, మైదుకూరు, జమ్మలమడుగు, రాజంపేట... ఎక్కువ మంది ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అడుక్కుని రాస్తున్నవాళ్లే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఆదివారం పది గంటలకు టెస్ట్. లాగిన్‌కి ఓటీపీ. పది కొట్టేసరికి అందరూ ఒక్క నిమిషంలో వచ్చి పడ్డారు. పదీ రెండుకి నా ఫోన్ మోగడం మొదలైంది. కొందరికి చక్రం, కొందరికి తెల్ల స్క్రీన్. లాగ్ తెరిస్తే ఒకటే లైను, వందల సార్లు: ఫేటల్, సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ.

సరే, లోపల ఎవరున్నారో చూద్దామని డేటాబేస్‌లోకి లాగిన్ కొట్టా. నాకూ అదే మెసేజ్. నా ఇంటికి నాకే తాళం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. పోస్ట్‌గ్రెస్ చేసినవాళ్లు ఇట్లాంటి రోజు వస్తుందని ముందే ఊహించారు. ఆ 100లో 3 కనెక్షన్లు సూపర్‌యూజర్ కోసం పక్కన పెట్టి ఉంచుతారు. మామూలు యూజర్లు 97 దగ్గర ఆగిపోవాలి. అప్పుడు వచ్చే మెసేజ్ కూడా వేరే, మిగిలిన స్లాట్లు రిజర్వ్ చేసి ఉన్నాయి అని చెప్తుంది. మాకు అది రాలేదు. టూ మెనీ క్లయింట్స్ అని వచ్చిందంటే ఆ మూడు కూడా అయిపోయాయన్నమాట. ఎవరు తిన్నారు? మా యాపే. ఎందుకంటే సెటప్ చేసిన రోజు సోమరితనంతో యాప్‌కి కూడా పోస్ట్‌గ్రెస్ అనే ఆ సూపర్‌యూజర్ ఐడీయే ఇచ్చేశాం. గుడిలో పూజారి వచ్చే పక్క తలుపు కూడా జనానికి తెరిచిపెట్టినట్టు. మీ ప్రాజెక్టుల్లో కూడా సగం మంది ఇదే చేసుంటారు, నాకు తెలుసు. ఈ వీడియో అయిపోయాక పోయి మార్చుకోండి.

లోపల ఏం జరుగుతోందో కనపడట్లేదు, ఫోన్లు మోగుతున్నాయి, కాలేజీ ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? 100 చాలలేదా, 500 చేద్దాం. చేశా. పోస్ట్‌గ్రెస్‌లో ఈ నంబర్ మారిస్తే రీస్టార్ట్ చేయాల్సిందే, నడుస్తుండగా మారదు. రీస్టార్ట్ చేశా. పనిలో పని, యాప్ థ్రెడ్లు కూడా పెంచా. గన్యూనికార్న్‌లో 4 వర్కర్లు, ఒక్కోదానికి 50 థ్రెడ్లు ఉండేవి, 100 చేశా. అంటే ఒకేసారి 400 రిక్వెస్టులు లోపలికి రావచ్చు.

ఆ రీస్టార్ట్‌తో ఒక వింత జరిగింది. కొంతమంది పిల్లలకు ఓటీపీ మెసేజ్ వచ్చింది, కానీ అది కొడితే తప్పు ఓటీపీ అంటుంది యాప్. కాలేజీకి ఫోన్ చేసి ఏడ్చిన పిల్లలున్నారు. దీని కారణం కాసేపట్లో చెప్తా.

ఒక పది నిమిషాలు బాగానే నడిచింది. నేను టీ కూడా తాగా. పదీ ఇరవైకి అంతా ఒకేసారి పడిపోయింది. ఈసారి కొత్తగా వచ్చేవాళ్లు మాత్రమే కాదు, లోపల ప్రశాంతంగా రాసుకుంటున్నవాళ్లు కూడా బయటపడ్డారు.

మా నాయనకి మైదుకూరు దగ్గర రొంత చేను ఉంది, బోరు ఉంది. రాయలసీమలో బోరు ఉన్నవాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెప్పనక్కర్లేదు. మా ఊర్లో టాన్స్‌ఫారం అంటారు. 25 కేవీఏది పెడితే 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైదు లాగుతుంది. దానికే ఎనిమిదో తొమ్మిదో తగిలించారనుకోండి, ముందు వోల్టేజీ పడుతుంది, అన్ని మోటార్లూ గుంయ్ గుంయ్ అంటాయి, ఒకటీ నీళ్లు సరిగా పోయదు. ఇంకొంచెం సేపు పోతే ఒకరి మోటారు వైండింగ్ కాలుతుంది, లేదంటే టాన్స్‌ఫారమే పోతుంది. ఇంక వారం రోజులు అందరి పైరూ ఎండాల్సిందే. మా నాయన ఆ రాత్రి నా కథంతా విని ఒకటే అన్నాడు: "ఐదింటికిచ్చిన దానికి పది తగిలిస్తే పదీ తిరగవు, ఉన్న ఐదూ తిరగవురా. వంతులేసుకోవల్ల." ఆయనకి డేటాబేస్ అంటే ఏందో తెలియదు. సమస్య మాత్రం నాకంటే బాగా అర్థమైంది.

పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్కో ప్రాసెస్ పుడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో అయితే థ్రెడ్, అది కొంచెం తేలిక. ప్రాసెస్ అంటే ఖాళీగా కూర్చున్నా కొన్ని ఎంబీల మెమరీ తింటుంది, పని చేస్తే ఇంకా ఎక్కువ. ఒక్కోటి 8 ఎంబీ అనుకున్నా 400 ప్రాసెస్‌లకు 3200 ఎంబీ. ఉన్న ర్యామ్ 4 జీబీ, అందులోనే యాప్ కూడా ఉంది. ర్యామ్ అయిపోతే లినక్స్ ఊరుకోదు. ఓఓఎం కిల్లర్ అని ఒకటి ఉంటుంది, అది ఏదో ఒక ప్రాసెస్‌ను చంపి మెమరీ తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క కనెక్షన్ ప్రాసెస్‌ను అట్లా బలవంతంగా చంపితే, అందరికీ ఉమ్మడిగా ఉండే మెమరీ పాడై ఉండొచ్చని అనుమానించి, మిగతా కనెక్షన్లన్నీ తెంపేసి, రికవరీ చేసుకుని మళ్లీ లేస్తుంది. డేటా పాడవకుండా అది చేసే మంచి పనే. కానీ పరీక్ష రాస్తున్న పిల్లకి అది మంచి పనిలా కనపడదు కదా. మా యాప్ ఐదు ప్రశ్నలకొకసారి జవాబులు పంపేది. మధ్యలోవి ఫోన్ మెమరీలోనే ఉండి, యాప్ మళ్లీ తెరిస్తే పోయేవి. అది మా ఇంకో తప్పు.

పదీ నలభైకి టెస్ట్ రద్దు చేశారు. వచ్చే ఆదివారం మళ్లీ అన్నారు.

సాయంత్రం అంతా చల్లబడ్డాక కూర్చుని లాగులు చదివాం. ఆ తర్వాత అదే లోడ్‌ను మేమే కృత్రిమంగా పుట్టించి లోపల చూశాం. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ స్టాట్ యాక్టివిటీ అని ఒక వ్యూ ఉంటుంది. ఎవరు లోపలున్నారు, ఏ యూజర్, ఏ క్వెరీ, ఎప్పటి నుంచి, ఏ స్టేట్‌లో ఉన్నారు అన్నీ అందులో కనపడతాయి. మీరు ఈ ఎపిసోడ్‌లో ఒక్క పేరే గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఇది పెట్టుకోండి. స్టేట్ వారీగా లెక్కపెడితే నేను అనుకున్నది రాలేదు. యాక్టివ్, అంటే నిజంగా పని చేస్తున్నవి, మూడో నాలుగో. తొంభైకి పైగా ఉన్నవి ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్.

అంటే ఏమిటి? ట్రాన్సాక్షన్ మొదలుపెట్టారు, ఇంకా ముగించలేదు, ఇప్పుడు ఏమీ చేయట్లేదు. బ్యాంకు కౌంటర్ దగ్గరికి వచ్చి, సగం ఫారం నింపి, జేబులోంచి ఫోన్ తీసి మాట్లాడుకుంటూ నిలబడ్డ మనిషి అన్నమాట. పక్కకు జరగడు, పని చేయించుకోడు.

నేను బిగిన్ అని కోడ్‌లో ఎక్కడా రాయలేదే అనుకున్నా. మాది జాంగో. అందులో అటామిక్ రిక్వెస్ట్స్ అని ఒక సెట్టింగ్ ఉంది, ట్రూ పెడితే ప్రతి రిక్వెస్టూ మొదటి నుంచి చివరి దాకా ఒక ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది. సేఫ్ అని ఎవరో చెప్తే పెట్టుకున్నాం. మా లాగిన్ ఫంక్షన్ ఏం చేసేదంటే, ఓటీపీని టేబుల్‌లో రాసేది, తర్వాత ఎస్సెమ్మెస్ పంపే కంపెనీ సర్వర్‌కి రిక్వెస్ట్ పెట్టి జవాబు కోసం ఎదురుచూసేది, అది వచ్చాక ట్రాన్సాక్షన్ ముగిసేది. ఎదురుచూస్తున్నంతసేపూ డేటాబేస్ కనెక్షన్ చేతిలోనే.

లెక్క చూడండి, ఇది నాలుగో క్లాసు గుణకారమే. సెకనుకి పదిమంది లాగిన్ అవుతున్నారు. ఎస్సెమ్మెస్ జవాబు మామూలు రోజుల్లో 0.3 సెకన్లలో వచ్చేది. పది ఇంటూ 0.3, మూడు కనెక్షన్లు చాలు. మేము టెస్టింగ్ చేసినప్పుడు చూసింది అదే. ఆ ఆదివారం అవతలి వాళ్లు నిదానమై 10 సెకన్లు పట్టింది. పది ఇంటూ పది, వంద. మా లిమిట్ సరిగ్గా వంద. పిల్లలు పెరగలేదు, పని పెరగలేదు. పట్టుకుని ఉండే సమయం మాత్రమే పెరిగింది. ఎస్సెమ్మెస్ వాళ్లను నేను తప్పుపట్టను. ఆదివారం పొద్దున వాళ్లకి ఎంతమంది కస్టమర్లో. వాళ్లు నిదానమైతే నా డేటాబేస్ పడిపోయేట్లు కట్టింది నేను.

500కి పెంచితే ఏం ఒరిగిందో ఇప్పుడు అర్థమైందా? కౌంటర్ దగ్గర ఫోన్ మాట్లాడుతూ నిలబడేవాళ్లు ఇంకొందరు ఎక్కువ పట్టారు, అంతే.

ఇంక ఆ తప్పు ఓటీపీ సంగతి. ఎస్సెమ్మెస్ బయటికి పోయింది, పిల్ల ఫోన్‌కి చేరింది. ట్రాన్సాక్షన్ ముగిసేలోపు నేను రీస్టార్ట్ కొట్టా. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయింది, టేబుల్‌లో ఓటీపీ లేకుండా పోయింది. డేటాబేస్ తన పనిని వెనక్కి తీసుకోగలదు గానీ పంపిన ఎస్సెమ్మెస్‌ను వెనక్కి తీసుకోలేదు. పిల్ల కొట్టింది సరైన ఓటీపీనే, తప్పు అన్నది మేము.

చక్రం తిరుగుతుంటే మీరు మళ్లీ మళ్లీ నొక్కుతారు కదా, అది కూడా చెప్పాలి. మీరు రిఫ్రెష్ కొట్టినంత మాత్రాన పాత రిక్వెస్ట్ చచ్చిపోదు. సర్వర్‌లో అది ఎస్సెమ్మెస్ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, కనెక్షన్ పట్టుకునే. మీరు ఐదుసార్లు నొక్కితే ఐదు కనెక్షన్లు మీ ఒక్కరి పేరు మీదే. ఇది మీ తప్పని అనట్లేదు, బటన్‌ను డిసేబుల్ చేయాల్సింది మేమే.

వారం రోజులు టైమ్ ఉంది. ఏం మార్చామో చెప్తా.

అన్నిటికంటే ముందు ఎస్సెమ్మెస్‌ను ట్రాన్సాక్షన్ బయటికి తీశాం. జాంగోలో ఆన్ కమిట్ అని ఒక హుక్ ఉంది, ట్రాన్సాక్షన్ ముగిశాకే ఆ పని చేయమని చెప్పొచ్చు. మేము అక్కడి నుంచి ఒక క్యూలో వేసి, వేరే ప్రాసెస్‌తో పంపించాం, 3 సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసి మళ్లీ ట్రై చేసేట్లు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క మార్పుతోనే తొంభై శాతం కథ అయిపోయింది. మిగతావన్నీ రేపు ఇంకెవడైనా, అంటే నేనే, మళ్లీ ఇట్లాంటి తప్పు చేస్తే కాపాడడానికి.

యాప్‌కి వేరే మామూలు యూజర్ ఇచ్చాం, రిపోర్టులకు ఇంకో యూజర్. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో యూజర్‌కి ఇన్ని కనెక్షన్లే అని కనెక్షన్ లిమిట్ పెట్టొచ్చు. రిపోర్ట్స్ యూజర్‌కి 5 పెట్టాం. కాలేజీ ఆఫీసులో ఎవరో ఎక్సెల్‌కి డౌన్‌లోడ్ కొడితే పిల్లల పరీక్ష ఆగకూడదు కదా. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ అని పొడుగు పేరున్న సెట్టింగ్ ఒకటుంది, 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. 10 సెకన్లు పెట్టాం. అంతకంటే ఎక్కువసేపు ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి ఊరికే కూర్చుంటే డేటాబేసే తెంపేస్తుంది.

తర్వాత పూలింగ్. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి. ప్రతి రిక్వెస్టుకీ కొత్త కనెక్షన్ తెరవడం, మూయడం దండగ. కొన్ని తెరిచి ఉంచుకుని, వచ్చినవాళ్లకు వంతులేసి ఇచ్చి, పని అయ్యాక వెనక్కి తీసుకోవడమే పూల్. చాలా లైబ్రరీల్లో ఇది లోపలే ఉంటుంది. జావావాళ్ల హికారీసీపీలో డిఫాల్ట్ 10. జాంగోలో పోస్ట్‌గ్రెస్‌కి సొంత పూల్ 2024లో వచ్చిన 5.1 వెర్షన్‌లో గానీ రాలేదు. మాకప్పుడు లేదు, అందుకని పీజీబౌన్సర్ పెట్టాం. ఇది స్కైప్ కంపెనీలో పుట్టింది, 2007లో బయటికి వచ్చింది. 2011లో ఇన్‌స్టాగ్రామ్ టీమ్ తమ సర్వర్ల గురించి రాసినప్పుడు తామూ ఇదే వాడుతున్నామని చెప్పారు. అప్పుడు వాళ్లదీ జాంగో, పోస్ట్‌గ్రెసే. మీరు రీల్స్ తిప్పే కంపెనీకి పనికొచ్చింది మన స్కాలర్‌షిప్ టెస్టుకు పనికిరాదా?

తిరుమల పోయినవాళ్లకు పీజీబౌన్సర్ గురించి సగం తెలిసినట్టే. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లలో జనం వేలల్లో కూర్చుని ఉంటారు. స్వామి ముందర ఆ క్షణంలో ఉండేది కొద్దిమందే. అందర్నీ ఒకేసారి గర్భగుడి ముందుకు వదిలితే ఎవరికీ దర్శనం కాదు. పీజీబౌన్సర్ ఆ కంపార్ట్‌మెంట్. యాప్ నుంచి వందల కనెక్షన్లు దాని దగ్గరికొచ్చి కూర్చుంటాయి, అక్కడ కూర్చోవడానికి పెద్దగా మెమరీ పట్టదు. లోపల అసలు డేటాబేస్‌కి మాత్రం పదో ఇరవయ్యో కనెక్షన్లు. ట్రాన్సాక్షన్ మోడ్ పెడితే, ఒకరి ట్రాన్సాక్షన్ ముగియగానే ఆ కనెక్షన్ ఇంకొకరికి పోతుంది.

దీంట్లో మేము రెండు చోట్ల దెబ్బతిన్నాం. పీజీబౌన్సర్‌కి కూడా సొంత లిమిట్ ఉంది, మ్యాక్స్ క్లయింట్ కాన్, డిఫాల్ట్ 100. అది పెంచకపోతే జనం డేటాబేస్ దగ్గర కాకుండా దీని గుమ్మం దగ్గర ఆగుతారు. రెండోది, ట్రాన్సాక్షన్ మోడ్‌లో మీరు సెషన్ మీద పెట్టుకున్నవి, అంటే సెట్ కమాండ్‌తో మార్చిన సెట్టింగులు, లిజన్ లాంటివి నమ్మలేరు. తర్వాతి ట్రాన్సాక్షన్ ఏ కనెక్షన్ మీద నడుస్తుందో మీకు తెలియదు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లతో కూడా తంటా ఉండేది, 2023లో 1.21 వెర్షన్ నుంచి ప్రోటోకాల్ స్థాయిలోవి పనిచేస్తున్నాయి.

లైబ్రరీ పూల్ వాడేవాళ్లు ఒక గుణకారం మర్చిపోతారు. పూల్ సైజు 20 అని రాస్తారు, 20 అనుకుంటారు. కానీ పూల్ ఒక్కో ప్రాసెస్‌కి ఒక్కోటి. 8 వర్కర్లుంటే 160. లిమిట్ 100. ట్రాఫిక్ లేనంతకాలం బాగుంటుంది, పండగ రోజు తెలుస్తుంది.

పూల్‌లో ఎన్ని ఉండాలి? పోస్ట్‌గ్రెస్ వికీలో ఒక అంచనా ఉంది: కోర్లు ఇంటూ రెండు, ప్లస్ డిస్కులు. మా సర్వర్‌కి రెండు రెళ్లు నాలుగు, ప్లస్ ఒకటి, ఐదు. ఐదా! 500 పెట్టిన మనిషికి ఐదు చాలంటే మింగుడు పడలేదు. భయపడి 10 పెట్టా.

మీలో చాలామంది కాలేజీ ప్రాజెక్టులు పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్‌తో చేస్తారు. అక్కడ ఎర్రర్ 1040, టూ మెనీ కనెక్షన్స్. షో ప్రాసెస్‌లిస్ట్ కొడితే లోపలున్నవాళ్లు కనపడతారు. అడ్మిన్ కోసం ఒక కనెక్షన్ అదనంగా ఉంచుతుంది. లిమిట్‌ను రీస్టార్ట్ లేకుండానే మార్చొచ్చు. ఊరికే కూర్చున్న కనెక్షన్‌ను అది డిఫాల్ట్‌గా 28800 సెకన్ల దాకా, అంటే 8 గంటలు భరిస్తుంది. స్లీప్ అని పెద్ద లైను కనపడితే ముందు ఈ వెయిట్ టైమౌట్ చూడండి.

లిమిట్ ఎప్పుడూ పెంచకూడదా అంటే, అట్లా కాదు. యాక్టివ్‌గా పనిచేసేవే లిమిట్ దగ్గరికి వస్తున్నాయి, సీపీయూ, ర్యామ్ ఇంకా ఖాళీగా ఉన్నాయి అంటే నిక్షేపంగా పెంచుకోండి. చూడకుండా పెంచితేనే నా గతి.

రెండో ఆదివారం. ముందురోజు టెస్ట్ రాసేవాళ్లందరికీ గుర్తుచేస్తూ మెసేజ్ పెట్టాం. ఒక అబ్బాయి జవాబిచ్చాడు. రాజంపేట వైపు పల్లె. "అన్నా, పోయిన వారం నేను 22 ప్రశ్నలు చేసినా, అవి సేవ్ అయినాయా? ఈవారం మా దగ్గర ఫోన్ లేదు. నాన్న కువైట్ పోయినాడు." ఫోన్ నాన్నది. సెలవు మీద వచ్చినప్పుడు కాబట్టి మొదటి టెస్ట్ రాయగలిగాడు. మెసేజ్ పక్కింటివాళ్ల ఫోన్ నుంచి పెట్టాడు. నేను డేటాబేస్‌లో చూశా. 22లో 10 ఉన్నాయి.

కాలేజీ ఆయనతో మాట్లాడా. ఫోన్ లేనివాళ్లు వస్తే ఆఫీసు కంప్యూటర్ల మీద రాయిస్తామన్నాడు. అబ్బాయికి చెప్పాం, పొద్దున ఫస్ట్ బస్సుకే వచ్చాడు. ఆయన పక్కన వేరే ఇద్దరు పిల్లలు కూడా వచ్చారు, వాళ్లు మాకు మెసేజ్ కూడా పెట్టలేదు, ఎట్లా తెలిసిందో. అసలు రానివాళ్లు ఎంతమందో నా లాగ్‌లో లేదు.

పది కొట్టింది. పీజీ స్టాట్ యాక్టివిటీ తెరుచుకుని కూర్చున్నా. యాప్ నుంచి పీజీబౌన్సర్‌కి 180 కనెక్షన్లు దాకా వచ్చాయి. లోపల డేటాబేస్‌లో ఒకేసారి యాక్టివ్‌గా ఉన్నవి ఎక్కువలో ఎక్కువ 6. ఎస్సెమ్మెస్ ఆరోజు కూడా ఒక నాలుగు నిమిషాలు నిదానమైంది. ఓటీపీలు ఆలస్యంగా వచ్చాయి, కొందరు విసుక్కున్నారు. లోపల రాస్తున్నవాళ్లకు మాత్రం ఆ సంగతే తెలియదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇండెక్స్‌ల గురించి. లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఈలోపు పోస్ట్‌గ్రెస్ వేసుకుని, మ్యాక్స్ కనెక్షన్స్ 5కి తగ్గించి, ఎర్రర్ వచ్చేదాకా ఒకదాని తర్వాత ఒకటి లాగిన్లు కొట్టి చూడండి. సూపర్‌యూజర్‌తో ఒకసారి, మామూలు యూజర్‌తో ఒకసారి. రెండు మెసేజ్‌లూ మీ కళ్లతో మీరే చూస్తారు. ఉంటా మరి.